పన్నెండో ప్రశ్న

జనవరి 12, ఆదివారం

కొత్త డైరీ. తెలుగులోనే రాస్తాను. ఉర్దూలో రాస్తే ముఖ్తార్ చదువుతాడు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయినా ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ అక్షరాలు రావు. మెట్‌పల్లిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివింది ఇన్నాళ్లకు ఇలా పనికొచ్చింది.

ఆఫీసులో పొద్దంతా రొవేనా ఫైలు. ఫిలిప్పీన్స్ పిల్ల. మహూజ్‌లో మా బిల్డింగు కింద సెలూన్‌లో గోళ్లకు రంగులు వేస్తుంది. ఆస్పత్రిలో తన దేశపు ఆడవాళ్ల పక్కన వారానికోసారి కూర్చుంటానని వచ్చింది. బహ్రెయిన్‌లో మా సంస్థ చేసేది అదే. తమ భాషలో పలకరించే దిక్కులేక మంచం మీద ఉన్న పేషెంట్ల దగ్గరికి ఆ భాష మనిషిని పంపడం. వెళ్లి కూర్చునేది వాలంటీర్లు. వాళ్ల కాగితాలు చూసేది నేను. ఇక్కడి గుర్తింపు కార్డు సీపీఆర్ కాపీ, పోలీసు సర్టిఫికెట్, ఛాతీ ఎక్స్‌రే, టీకా, కంపెనీ లెటర్, ట్రైనింగ్, టెస్టు. నాలుగు మాటలు మాట్లాడి రావడానికి ఇన్నా అని అందరూ అడుగుతారు. రొవేనా కూడా అడిగింది. ఇన్నే అన్నాను.

సాయంత్రం సల్మానియా ఆస్పత్రి నుంచి నాదియా ఫోన్. బహ్రెయినీ అమ్మాయి, మాట పోయినవాళ్లకు మాట నేర్పే థెరపిస్టు. అర్జెంటుగా ఒక తెలుగు మనిషి కావాలట. పేషెంటు పేరు కిషన్, నలభై ఆరేళ్లు, అమ్వాజ్‌లో ఏసీలు రిపేరు చేసేవాడు. మూడు వారాల కిందట స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు కొంచెం కొంచెం కదులుతున్నాయి. మాట మాత్రం లేదు. డ్యూటీలో హిందీ బాగానే మాట్లాడేవాడట, ఇప్పుడు హిందీలో పిలిస్తే కళ్లు కూడా తిప్పడం లేదు. మొదటి నెలల్లో మాట రాకపోతే తర్వాత చాలా కష్టమని నాదియా అంది. నువ్వు తెలుగే కదా మెహరున్నిసా, నువ్వే రా అంది.

మగవాళ్ల వార్డుకు ఆడ వాలంటీర్లను పంపకూడదని మా రూలు. ఆ రూలు టైప్ చేసింది నేనే.

జనవరి 15, బుధవారం

తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు అన్నిటిలో మెసేజ్ పెట్టించాను. రెండు వందల పైన దండాలు, పువ్వులు వచ్చాయి. మనిషి ఒక్కడు రాలేదు.

జనవరి 17, శుక్రవారం

వచ్చాడు.

శుక్రవారం పొద్దున ఆఫీసు తెరుస్తాం, లేబర్ క్యాంపుల వాళ్లకు అదొక్కటే సెలవు. తొమ్మిదికి తలుపు దగ్గర ఒకాయన చెప్పులు విడిచి నిలబడ్డాడు. చెప్పులు వేసుకుని రావచ్చన్నా వినలేదు. పేరు గడ్డం లింగన్న. ధర్మపురి అవతల పల్లె. యాభై ఏడేళ్లు. తాపీ మేస్త్రీ. సిత్రా క్యాంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. వాట్సాప్ మెసేజ్ రూంమేటు మల్లేష్ చదివి వినిపించాడట.

ఎన్నేళ్లుగా ఇక్కడ అని అడిగితే, దుబాయికొచ్చి పందొమ్మిదేండ్లు అన్నాడు. ఇది బహ్రెయిన్ కదా అన్నాను. అన్నీ ఒక్కటే, సున్నం వేరు అంతే అన్నాడు.

ఈ పని ఎందుకు చేయాలనుకుంటున్నారు అనేది ఫారంలో మొదటి ప్రశ్న. చాలామంది సేవ అని రాయిస్తారు. లింగన్న చెప్పింది ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

"రోజంత గోడలతోని మాట్లాడుత మేడం. మనిషితోని మాట్లాడుడు కష్టమా?"

నాది మెట్‌పల్లి అని తెలిశాక మేడం పోయి చెల్లె అయ్యింది. నేను వేరే ఏమీ వెతుక్కోనక్కర్లేదు, ఆయన పేరులోనే అన్న ఉంది.

జనవరి 20, సోమవారం

పాస్‌పోర్టులో లింగన్న గడ్డం. సీపీఆర్ కార్డులో ఇంగ్లీషులో ఒక ఎన్ లేదు, ఒక డీ లేదు. రెండు పేర్లు ఒకటి కాకపోతే పోలీసు సర్టిఫికెట్‌కు అప్లై చేయలేం. దిద్దించడానికి రెండు రోజులు డ్యూటీ మానాలి. ఫోన్‌లో చెప్తే లింగన్న అడిగాడు, అచ్చరం పోతే మనిషి పోతడా చెల్లె అని. పోడు, ఫైలు పోతుంది అన్నాను. సరే మానేస్త అన్నాడు.

నాదియా మెసేజ్: ఇవాళ కిషన్ అన్నం ప్లేటు తోసేశాడు.

జనవరి 28, మంగళవారం

కంపెనీ లెటర్ రాలేదు. లింగన్న కంపెనీ ఆఫీసుకు మూడోసారి వెళ్లాను, ముఖ్తార్ కారులో. ఆయన బయట ఇంజిన్ ఆపకుండా కూర్చున్నాడు, యల్లా, త్వరగా రా, అని రెండుసార్లు హారన్ కొట్టాడు.

లెటర్లు ఇచ్చే క్లర్కు కేరళ మనిషి. వాలంటీర్ అంటే రెండో ఉద్యోగమే అని పట్టుబట్టి కూర్చున్నాడు, రేపు ఎవరైనా చెకింగ్‌కు వస్తే తన మెడకు చుట్టుకుంటుందని భయం. తప్పు అతనిది కాదు. నేను కూడా అతని కుర్చీలో ఉంటే అంతే భయపడతాను. అందుకే ఈసారి లెటర్ నేనే టైప్ చేసి తీసుకెళ్లాను. జీతం లేదు, డ్యూటీ టైములో కాదు, బాధ్యత మా సంస్థది, మా రూల్స్ కాపీ వెనక పిన్ చేశాను. స్టాంపు కోసం చోటు వదిలాను.

రెండుసార్లు చదివాడు. ఫ్రీగానా అన్నాడు. ఫ్రీగానే అన్నాను. మలయాళం పేషెంట్లు కూడా ఉంటారా అని అడిగాడు. ఉంటారన్నాను. స్టాంపు వేశాడు. తర్వాత నెమ్మదిగా, ఒక ఖాళీ ఫారం ఉందా అని అడిగాడు.

నా బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి.

ఫిబ్రవరి 3, సోమవారం

టీకా అయ్యింది. లింగన్నకు సూది అంటే భయమట, మూడంతస్తుల ఎత్తున పరంజా మీద నిలబడి గోడ కట్టే మనిషికి! రొవేనాది కూడా ఇవాళే అపాయింట్‌మెంట్. ఇద్దరికీ ఒక్క భాష కలవదు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని యల్లా అందట, సూది దిగింది. ఖలాస్ అందట, సూది వచ్చేసింది. ఆ పిల్లకు కోటి దండాలు అని నన్ను చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన చెయ్యి గరగరలాడుతుంది, ఒకరోజు షాపుకు పంపించు, ఫ్రీగా క్రీం రాస్తా అని ఆమె నవ్వింది.

ఎక్స్‌రే కూడా క్లీన్. పోలీసు సర్టిఫికెట్ రావాలి. ఇంక ట్రైనింగ్, టెస్టు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కిషన్‌ను మార్చి ఇరవైన ఇంటికి పంపుతున్నారు. టికెట్ బుక్ అయ్యింది. నాదియా పొద్దునే చెప్పింది. అంటే ఆరు వారాలు.

ట్రైనింగ్ రెండు గంటలు. చదవలేని వాళ్లకు టెస్టు నోటితో పెడతాం, జవాబులు నేను టిక్ చేస్తాను. ఇరవై ప్రశ్నలు. పదహారు రావాలి.

చేతులు ఎప్పుడు కడుక్కోవాలి, చెప్పాడు. పేషెంటు ఫోటో తీయొచ్చా, తీయొద్దు. పేషెంటు డబ్బులిస్తే తీసుకోవచ్చా అన్నదానికి కోపమొచ్చింది, గా మాట నన్నడుగుతవా అని. కొన్ని తప్పయ్యాయి. పేషెంటు పడిపోతే లేపకూడదు, నర్సును పిలవాలి అంటే, పడ్డోన్ని జూసుకుంట నిలబడుతమా అన్నాడు. పోనీ. పదకొండో ప్రశ్న అయ్యేసరికి లెక్క దగ్గర దగ్గరగానే ఉంది.

పన్నెండో ప్రశ్న. పేషెంటు తన ఇంటికి ఫోన్ చేసి సంగతి చెప్పమని మిమ్మల్ని అడిగితే ఏం చేస్తారు?

చేస్త అన్నాడు.

ట్రైనింగ్‌లో ఏం చెప్పాను లింగన్నా అన్నాను. చెయ్యొద్దన్నవు, సిస్టర్‌కు చెప్పుమన్నవు అన్నాడు. అంటే జవాబు తెలుసు. మరి? తలకాయ ఊపాడు. తెలుసుడు వేరు చెల్లె, మాటిచ్చుడు వేరు. ఇంటామె అక్కడ మెతుకు మింగక కూసుంటది. మంచంల ఉన్నోడు చేతులు జోడించి అడిగితే నేను చెయ్యనని అంటనా? అబద్ధం చెప్పి పాసవమంటవా?

పదిహేను వచ్చాయి.

ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేను లోపల ఆ కాగితం ముందు. చేతిలో పెన్ను. ఒక్క టిక్కు ఇటు నుంచి అటు జరపాలి, అంతే. ఎవరూ చూడరు. సంతకం నాదే, చెకింగ్ నాదే.

జరపలేదు. వచ్చే శుక్రవారం మళ్లీ రమ్మన్నాను. ఆయన లేచాడు. చెప్పులు తొడుక్కుని పోయాడు.

ఆరు వారాల్లో ఒకటి పోయింది. పోగొట్టింది నేను.

ఫిబ్రవరి 8, శనివారం

ముఖ్తార్‌కు చెప్పాను. ఒక్క టిక్కు కోసం ఒక మనిషి మాట ఆపుతావా అన్నాడు. ఏ ప్రశ్న అని అడిగాడు. చెప్పాను.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టేశాడు. లేచి బయటికి పోయాడు. ఎందుకో ఇవాళ రాయను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇవాళ టెస్టు కాగితం ముందు పెట్టలేదు. చాయ్ పెట్టాను. రూలు మళ్లీ చదివి వినిపించడం వల్ల లాభం లేదు, ఆయనకు రూలు తెలుసు. అందుకని జరిగింది చెప్పాను. ఇన్నేళ్లలో ఎవరికీ మొత్తం చెప్పలేదు.

పదమూడేళ్ల కిందట ముఖ్తార్ సముద్రం మీది కాజ్‌వే వంతెన అవతల, సౌదీలో ట్రెయిలర్ నడిపేవాడు. నేను పిల్లలతో మెట్‌పల్లిలో. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్. ఎవరో తెలుగాయన. ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నానన్నాడు, యాక్సిడెంట్ అయ్యిందన్నాడు, అమ్మా, గుండె గట్టి చేసుకోండి అన్నాడు. మీ ఆయన పోయాడన్నాడు. ఏడుస్తూ చెప్పాడు పాపం.

ఇల్లు నిండిపోయింది. మా అత్త నా చేతుల గాజులు తీసేసింది. తెల్ల దుపట్టా కప్పారు. చిన్నవాడికి నాలుగేళ్లు, అందరూ ఎందుకొచ్చారో తెలియక బిస్కెట్లు పంచుతున్నాడు.

రాత్రి ఎనిమిదింటికి ముఖ్తార్ ఫోన్ చేశాడు. కాలు విరిగింది, కంగారుపడకు, తిన్నావా అని అడిగాడు.

బండిలో ఇద్దరు డ్రైవర్లు. పోయింది రెండో ఆయన, నిజామాబాద్ మనిషి. ఫోన్ చేసినాయన మంచివాడే. పక్క మంచంలో ఎవరికో తోడుగా వచ్చినవాడు. ముఖ్తార్ స్పృహ తప్పే ముందు ఇంటికి చెప్పమని చేతులు పట్టుకుని అడిగాడట, నంబరు ఇచ్చాడట. ఆయన మాట తప్పలేదు. కాసేపటికి మంచం మీద గుడ్డ కప్పి ఎవరినో తీసుకుపోతుంటే చూసి, ముఖ్తారే అనుకుని నా నంబరు కొట్టాడు.

లింగన్న చాయ్ తాగడం మానేశాడు.

నేను ఏడు గంటలు ముండమోశాను, తర్వాత నా మొగుడు నాకు దొరికాడు, ఇది నా కథ అన్నాను. కానీ ఆ నిజామాబాదాయన భార్య సంగతి ఆలోచించు. అదే రోజు, అదే ఏడు గంటలు, ఆమె బట్టలు ఉతుక్కుని, పిల్లలకు వండి పెట్టి, హాయిగా పడుకుంది. తెల్లారి ఆమెకు చెప్పారు. తర్వాత నేను ఒకసారి ఆమెను చూడటానికి వెళ్లాను. ఆమె ఒక్కటే మాట అంది. ఆ రోజు నేను పాట పాడుకుంటూ బట్టలుతికిన అక్కా, అది మరిచిపోలేకపోతున్న అని.

ఇది ఆయనకు ఆగకుండా చెప్పాను. ఇప్పుడు రాస్తుంటే రెండుసార్లు పెన్ను కింద పెట్టాను.

లింగన్న చాయ్ కప్పు పక్కకు జరిపాడు. తర్వాత టెస్టు ఏదీ అన్నాడు. పన్నెండు దాకా వచ్చాం. నేను చదవకముందే అన్నాడు:

"సిస్టర్‌కు చెప్త. సిస్టర్ డాక్టర్‌కు చెప్తది. ఫోన్ గావాల్నంటే అందరి ముందట జేపిస్త. నేను ఒక్కన్నే చెయ్య. మాట."

పదిహేడు.

పోయేటప్పుడు తలుపు దగ్గర ఆగాడు. మీ ఆయన కాలు ఇప్పుడు మంచిగుందా అని అడిగాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

పోలీసు సర్టిఫికెట్ వచ్చింది. ఒక్క ఎన్ పోలేదు, ఒక్క డీ పోలేదు. ఫైలు క్లోజ్. డైరెక్టర్ మేడం సంతకం మధ్యాహ్నం రెండింటికి. బ్యాడ్జీ నేనే లామినేట్ చేశాను, కొంచెం వంకరగా వచ్చింది, మళ్లీ చేశాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మొదటి విజిట్. నేను ఆఫీసులో గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడింటికి లింగన్న వచ్చి చెప్పాడు. కిషన్ చూడలేదట. గోడ వైపు తిరిగే ఉన్నాడట. కానీ లింగన్న "ఏం కిషనన్నా, కూడు దిన్నవా?" అన్నప్పుడు మెడ కదిలిందట. నాదియా కూడా చూసిందట.

నాదియా బొమ్మల కార్డులు మాత్రం లింగన్నకు నచ్చలేదు. యాపిల్, జిరాఫీ, మంచు మనిషి. గివి ఆయన నోట్లె ఎన్నడన్న ఉన్నయా అన్నాడు. తను సామాన్ తీసుకుపోతానన్నాడు. వార్డులోకి వస్తువులు తేవాలంటే వేరే ఫారం. నింపాం. పానా, స్క్రూడ్రైవర్, ఉల్లిగడ్డ, ఉప్పు, చింతపండు, బీడీ కట్ట. బీడీలు కొట్టేశాను. ఖాళీ కట్ట అని రాయించుకునేదాకా వదల్లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఏమీ లేదు. శుక్రవారమే కాక మంగళవారం డ్యూటీ అయ్యాక కూడా వెళ్తున్నాడు. బట్టల మీద సిమెంటు ఉంటే లోపలికి రానివ్వరని సంచిలో ఉతికిన చొక్కా పట్టుకెళ్తున్నాడు. గంటసేపు మాట్లాడి వస్తున్నాడు. కిషన్ వింటున్నాడు. అంతే.

రేపటి నుంచి రంజాన్.

మార్చి 7, శుక్రవారం

పన్నెండున్నరకు లింగన్న ఫోన్. అరుస్తున్నాడు. కిషన్‌కు ఏమైందో అని కుర్చీలోంచి లేచాను.

"చెల్లె! తిట్టిండు! నన్ను తిట్టిండు!"

ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా తెలియలేదు. నెమ్మదిగా చెప్పమంటే చెప్పాడు. పానా చూపించి ఇదేంది అని అడుగుతున్నాడట. కిషన్ నోరు మెదపలేదు. సరే, నేనే చెప్త, ఇది గరిటె అన్నాడట. కిషన్ చూశాడు. అవునన్నా, గరిటెనే, దీంతోనే పప్పు కలుపుతరు, నువ్వు ఇన్నేండ్లు అమ్వాజ్‌ల గరిటెలతోనే ఏసీలు బాగుచేసినవా అన్నాడట. కిషన్ ముఖం ఎర్రబడింది. ఎడమ చేత్తో పానా లాక్కున్నాడు. అప్పుడు, వార్డంతా వినేటట్టు, స్పష్టంగా:

"నీయవ్వ!"

పదకొండు వారాల తర్వాత మొదటి మాట.

లింగన్న రూలు తప్పలేదు. వెంటనే సిస్టర్ దగ్గరికి పరిగెత్తాడు. పేషెంటు వాలంటీర్‌ను తిడితే అదే రోజు రిపోర్టు చేయాలి, ట్రైనింగ్‌లో నేనే చెప్పాను. ఎవరికీ భాష అర్థం కాలేదు గానీ ఆయన ముఖం చూసి నర్సులందరూ వచ్చారట. నాదియా నాకు ఫోన్ చేసి ఆ మాటకు అర్థం ఏమిటని అడిగింది. రోజా ఉపవాసంలో ఉండి, ఆ మాట మూడుసార్లు పలికి అర్థం చెప్పాల్సి వచ్చింది. నాదియా కూడా రోజానే. ఇద్దరం నవ్వి నవ్వి, తర్వాత ఇద్దరం తప్పైందని తౌబా చెప్పుకున్నాం. మాట పోయినవాళ్లకు తిట్లు ముందు వస్తాయట, అవి మెదడులో వేరే చోట ఉంటాయట.

రిపోర్టు ఫారం నింపాను. ఘటన: దూషణ. సాక్షులు: ఆరుగురు. వాలంటీర్ మానసిక స్థితి: చాలా సంతోషంగా ఉన్నారు. డైరెక్టర్ మేడం చదివి నా వైపు చూసింది. సంతకం పెట్టింది.

మార్చి 9, ఆదివారం

తిట్టు తర్వాత కిషన్ నోట రెండో మాట: ఉల్లిగడ్డ.

మార్చి 14, శుక్రవారం

ఇంటికి ఫోన్. కిషన్ ఎడమ చేత్తో చెవి దగ్గర సైగ చేసి లింగన్నను అడిగాడట, చేయి జోడించబోయాడట కూడా. లింగన్న ఆ చేయి పట్టుకుని, ఉండన్నా అని చెప్పి సిస్టర్‌ను పిలిచాడు. సిస్టర్ డాక్టర్‌ను. డాక్టర్ నాదియాను. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆయన ఆ చేయి వదల్లేదని నాదియా చెప్పింది. ఆమెకు ఆ పన్నెండో ప్రశ్న సంగతి తెలియదు.

నన్ను స్పీకర్ ఫోన్‌లో కలిపారు, అటు ఆయన భార్యకు తెలుగులో చెప్పడానికి. ఆమె పేరు స్వర్ణ. డాక్టర్ చెప్పింది చెప్పినట్టు చెప్పాను, ఒక్క మాట ఎక్కువ కాకుండా, ఒక్క మాట తక్కువ కాకుండా. చేయి వస్తుంది. నడక కొంచెం వస్తుంది. మాట మెల్లగా. ఆమె ప్రతిదానికీ ఊఁ అంది. ఆయనకు ఫోన్ ఇవ్వండి అంది.

కిషన్ చాలాసేపు ప్రయత్నించాడు. ఊపిరి వినిపిస్తోంది. ఆమె పేరు కావాలి ఆయనకు, అది రావడం లేదు. చివరికి వచ్చింది ఆ తిట్టే.

నేను కళ్లు మూసుకున్నాను. తర్వాత స్వర్ణ గొంతు, ఏడుపులోంచి నవ్వు:

"ఇంకోసారి తిట్టు."

తిట్టాడు.

మార్చి 16, ఆదివారం

ఆ కేరళ క్లర్కు ఫైలు క్లియర్ అయ్యింది. మలయాళం, సర్జికల్ వార్డు, శుక్రవారాలు. రొవేనాకు ఇప్పుడు ఇద్దరు పేషెంట్లు. లింగన్న మాత్రం కిషన్ ఇంటికి వెళ్లాక ఏం చేయాలని అడగడం లేదు. నేనూ అడగలేదు.

మార్చి 20, గురువారం

ఎయిర్‌పోర్టులో కాగితాలు ఇవ్వడానికి వెళ్లాను. కిషన్‌ను మొదటిసారి చూశాను. పొడుగు మనిషి. చక్రాల కుర్చీలో కూడా పొడుగే. లింగన్న వంగి, ఈమెనే నా చెల్లె, నీ కోసం కాగితాలన్నీ చేసింది ఈమెనే అని చెప్పాడు.

కిషన్ నా ముఖం చాలాసేపు చూశాడు. ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఎంతో మర్యాదగా, "ఉప్పు" అన్నాడు.

మాటలు ఒకదాని చోట ఒకటి వస్తాయని నాదియా చెప్పే ఉంది.

నేనూ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను. ఉప్పు, కిషనన్నా, అన్నాను.